నెట్‌వర్క్ లేనివారికి పన్నెండు సూచనలు

మా నీటిపారుదల సెక్షన్ ఆఫీసులో నలుగురం ఉండగా 'నీటిపిలుపు' యాప్‌కు నన్నే నోడల్ అధికారిగా ఎందుకు వేశారని చాలామంది అడిగారు. అందులో రహస్యమేమీ లేదు. ఆ రోజు మా పై అధికారి డీఈ గారు అందరి ఫోన్లూ బల్లమీద పెట్టించి చూశారు. అద్దం పగలని ఫోను నాదొక్కటే. ముప్పై ఒక్క ఏళ్లుగా వర్క్ ఇన్‌స్పెక్టరుగా కాలువగట్ల మీద తిరిగిన అనుభవం కన్నా, ఫోనుకు వేసిన రబ్బరు తొడుగు ఎక్కువ పనికొచ్చింది. ఆ తొడుగు మా అమ్మాయి కొనిపెట్టింది. కాబట్టి జరిగినదానికి నన్ను ఒక్కణ్ణే తప్పుపట్టడం న్యాయం కాదు.

దాళ్వాకు, అంటే ఎండాకాలపు రెండో వరిపంటకు, కాలువలో నీళ్లు చాలవు. అందుకని వంతులవారీగా వదులుతాం. తొమ్మిది రోజులకోసారి ఒక్కో పిల్లకాలువకు మూడు రోజులు నీరు. మా సెక్షన్లో మొదటి ఊరు పేరంపాలెం, చిట్టచివరిది కర్రివానిదిబ్బ. దిబ్బ దాటితే ఉప్పు తేలిన బీడు, దాన్ని చవిటి పర్ర అంటాం; పర్ర దాటితే సముద్రం. ఎవరి వంతు ఎప్పుడో ఊళ్లకు చెప్పడం, తూము ఎత్తడం, దించడం లస్కరు పని. మా లస్కరు పేరు దావీదు.

దావీదు పద్ధతి ఎక్కడా రాసి లేదు. వంతుకు ముందురోజు పొద్దున్నే సున్నం పూసిన కొబ్బరి డొక్కలు మూడు దిబ్బ కాలువలో వదిలేవాడు. మా తూములు మూసినా కొంత కారుతూనే ఉంటాయి. ఆ కారే నీటిలో డొక్కలు నెమ్మదిగా కొట్టుకుపోయి, సాయంత్రానికి దిబ్బ దగ్గర చెత్త ఆపే ఊచలకు తట్టుకుని ఆగేవి. తెల్లడొక్కలు కనిపిస్తే రేపు నీళ్లని ఊరంతటికీ తెలిసిపోయేది. మర్నాడు తూము ఎత్తి, షట్టరు తిప్పే ఇనప హ్యాండిల్‌ను సైకిలుకు కట్టుకుని, నీటి వెంబడే గట్టు మీద శివారు దాకా వెళ్లేవాడు. నీరు వదిలిన లస్కరు నీటితోపాటే వెళ్లి, వంతు పూర్తయ్యేదాకా అక్కడే ఉండాలన్నది వాళ్ల తాతల నాటి ఆచారం. మధ్యలో ఎవరూ అడ్డుకట్ట వెయ్యకుండా, వెనకాల ఎవరూ తూము దించకుండా అదే కాపలా.

ఇదంతా అశాస్త్రీయమని ప్రభుత్వానికి ఈ ఏడే తెలిసింది.

యాప్ చాలా చక్కనిది. వంతు రాగానే ఆ ఊరి రైతులందరి ఫోన్లకూ ఒకేసారి ప్రసార సందేశం వెళ్తుంది. ముప్పై నిమిషాల్లో సగం మంది రైతులు 'మాకు తెలిసింది' అన్న మీట నొక్కాలి. నొక్కితే లస్కరు ఫోనుకు తూము తెరిచే ఆదేశం దానంతటదే వెళ్తుంది. నొక్కకపోతే ఆ ఊరికి నీటి అవసరం లేదని యాప్ గ్రహించి, వంతును తర్వాతి ఊరికి ఇచ్చేస్తుంది. నీటి వృథాను అరికట్టడమే దీని ఆశయమని ప్రారంభోత్సవంలో డీఈ పేరిశాస్త్రి గారు చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను కొంచెం ఎక్కువగానే కొట్టాను.

దిబ్బకు మొదటి వంతు మాఘమాసం చివర్లో వచ్చింది. ప్రసారం మీట నేనే నొక్కాను. నలభై మంది రైతుల్లో ఒక్కరూ స్పందించలేదు. దిబ్బలో ఫోను మోగదని నాకు తెలుసు. ఫోన్లు వచ్చిన నాటి నుంచీ తెలుసు. కాని యాప్‌లో 'నాకు తెలుసు' అని రాసే గడి లేదు. ముప్పై నిమిషాలు కాగానే దిబ్బ వంతు పేరంపాలేనికి వెళ్లిపోయింది. పేరంపాలెం వాళ్లు వెంటనే నొక్కారు. వాళ్ల చేలు అప్పటికే నిండి ఉన్నాయి. అయినా పిలిచినప్పుడు పలకకపోతే మర్యాద కాదనుకున్నారేమో.

నాలుగోరోజున అచ్చాయమ్మ ఆఫీసుకొచ్చింది. దిబ్బలో రెండున్నర ఎకరాలు కౌలుకు చేస్తుంది. భర్త పోయాక పన్నెండేళ్లుగా ఆ చేను మీదే ఇద్దరు పిల్లల్ని ఒడ్డెక్కించింది. పదకొండు కిలోమీటర్లలో సగం నడిచి, సగం ఆటోలో వచ్చానని చెప్పి, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది.

"అయ్యగారండీ, మా వంతు దాటిపోయిందంటగదండీ. డొక్కలు రాలేదు, దావీదు రాలేదు. చేను నెర్రెలిస్తందండి."

డీఈ గారు మంచివారు. రైతు నిలబడి ఉంటే ఆయనకు నచ్చదు. కూర్చోమని, "చూడండమ్మా, మీకు ప్రసార సందేశం చేరిందా, లేదా?" అని అడిగారు.

"లేదండి."

"చేరలేదని యాప్‌లో నమోదు చేశారా?"

"మా దిబ్బలో ఫోను పలకదు గదండీ."

"పలకదని నమోదు చేశారా?"

అచ్చాయమ్మ నా వైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

"అమ్మా, సమాచారం అందలేదన్న సమాచారం కూడా సమాచార మార్గం ద్వారానే రావాలి," అని డీఈ గారు ఓపిగ్గా వివరించారు. "మీరిలా స్వయంగా వచ్చి చెబితే, వ్యవస్థ దృష్టిలో మీరు రానట్టే."

"రానట్టేనాండి? మరి నేను ఇప్పుడు ఎక్కడున్నట్టండి?"

దానికి డీఈ గారి దగ్గర జవాబు లేకపోలేదు. కాని అది పై అధికారుల పరిధిలోని విషయం. ఆయన వెంటనే యాప్ తయారుచేసిన కంపెనీకి ఫోను కలిపారు. తెరమీద నిశాంత్ అనే కుర్ర ఇంజనీరు కనిపించాడు. వెనకాల ఆకుపచ్చని మొక్కల బొమ్మ ఉంది.

"సర్, బేసిగ్గా మా సైడ్ ఇష్యూ ఏమీ లేదు సర్. మెసేజ్ మా దగ్గర్నుంచి హండ్రెడ్ పర్సెంట్ వెళ్లింది. యూజర్ ఎన్విరాన్‌మెంట్‌లో చిన్న కవరేజ్ గ్యాప్ ఉంది. మా దగ్గర ట్రబుల్‌షూటింగ్ గైడ్ రెడీగా ఉంది సర్. దాన్ని బ్రాడ్‌కాస్ట్ చేసేద్దాం."

"దేని ద్వారా?" అన్నాను నేను.

"యాప్ ద్వారానే సర్. వేరే మార్గం ఎందుకు?"

ఆ సాయంత్రమే 'నెట్‌వర్క్ లేనివారికి పన్నెండు సూచనలు' అన్న సందేశం సెక్షన్ మొత్తానికీ నా చేతులతోనే పంపాను. ఫోనును ఒకసారి ఆపి మళ్లీ వెయ్యమని మొదటి సూచన. కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడమని మూడోది. ఇవేవీ పనిచెయ్యకపోతే ఇంటర్నెట్ ద్వారా మమ్మల్ని సంప్రదించమని తొమ్మిదోది. ఈ సందేశం మీకు చేరకపోతే వెంటనే తెలియజెయ్యమని పన్నెండోది. నెట్‌వర్క్ ఉన్న ఊళ్లన్నిటికీ అది క్షణాల్లో చేరింది. నడిమి ఊరు ఉప్పలకోడు రైతులు చెప్పిన మాట వినే రకం. ఊరంతా కలిసి ఒకేసారి ఫోన్లు ఆపి, గంటసేపు ఆగి మళ్లీ వేసుకున్నారు. సరిగ్గా ఆ వ్యవధిలో వాళ్ల వంతు సందేశం వచ్చి వెళ్లిపోయింది. దిబ్బలో ఎలాగూ పలికేవాళ్లు లేక, ఆ నీళ్లు కూడా పేరంపాలేనికే వెళ్లాయి. అక్కడ చేలలో పట్టక, గట్లు పొర్లి, మురుగు డ్రైనులోంచి సముద్రంలో కలిశాయి.

రెండో వంతు వచ్చేసరికి దావీదు ఉండబట్టలేకపోయాడు. ఎవరికీ చెప్పకుండా ముందురోజే మూడు తెల్లడొక్కలు కాలువలో వదిలాడు. దిబ్బవాళ్లు డొక్కలు చూశారు. మర్నాడు పొద్దున్నే నలభై మందీ ఫోన్లు పట్టుకుని, రెండు కిలోమీటర్ల అవతల ఉన్న డ్రైను వంతెన ఎక్కారు. ఆ చుట్టుపక్కల ఫోను పలికే చోటు అదొక్కటే. అదీ నడి వంతెన మీద, పడమటి పిట్టగోడకు ఆనుకుని నిలబడితేనే. నేను ప్రసారం మీట నొక్కాను. పాత సందేశాలు దిగేంత బలం అక్కడి నెట్‌వర్క్‌కు లేదు గాని, ఈ ఒక్కటీ చేరి నలభై ఫోన్లూ మోగాయి. నలభై మందీ నొక్కారు.

అప్పుడు యాప్ ఇలా చెప్పింది: 'మీరు మీ ఆయకట్టు పరిధిలో లేరు. దయచేసి మీ పొలానికి వెళ్లి మళ్లీ ప్రయత్నించండి.'

ఆ ఏర్పాటు నాకు తెలియదు. ఎవరో ఊళ్లో లేనివాళ్లు పట్నంలో కూర్చుని నొక్కకుండా పెట్టిన జాగ్రత్తట. దిబ్బవాళ్లు పొలాలకు పరుగెత్తారు. అక్కడ నెట్‌వర్క్ లేదు. మళ్లీ వంతెనకు పరుగెత్తారు. అక్కడ పొలం లేదు. ఒకాయన వంతెన మీద మీట నొక్కి, వేలు తియ్యకుండా అలాగే పట్టుకుని చేను దాకా పరుగెత్తాడని దావీదు చెప్పాడు. ముప్పై నిమిషాలూ అయిపోయాయి. నొక్కకపోతే తమ వంతు ఎప్పటికీ పోతుందేమోనని పేరంపాలెం వాళ్లు మళ్లీ నొక్కారు. నీళ్లు పేరంపాలేనికి వెళ్లాయి. పేరంపాలెం సర్పంచి నాకు ఫోను చేసి, "బాబ్బాబు, ఇంక మాకొద్దండీ, మా చేలు కుళ్లిపోతన్నయ్" అన్నాడు. ఆ మాట యాప్‌లో పెట్టమన్నాను. పెట్టాడు. పేరంపాలెం నుంచి ఆ వారంలో మూడు వందల పన్నెండు ఫిర్యాదులు వచ్చాయి.

డొక్కల సంగతి డీఈ గారికి తెలిసింది. దావీదును పిలిపించారు.

"ప్రభుత్వ కాలువ ద్వారా అనధికార ప్రసారం చేశావా, లేదా?"

"డొక్కలొదిలానండి."

"ఆ డొక్కలు అవతలివాళ్లకు చేరినట్టు నీకు తిరిగి తెలిసే ఏర్పాటు ఏమైనా ఉందా?"

దావీదు బుర్ర గోక్కున్నాడు. "కాలవ ఎనక్కి పారదుగదండీ."

"అదీ సంగతి," అన్నారు డీఈ గారు తృప్తిగా. "స్పందన నమోదు కాని ప్రసారం, ప్రసారమే కాదు."

దావీదుకు మెమో ఇచ్చారు. దాంతోపాటు సెక్షన్ సిబ్బంది అందరికీ ఒక సర్క్యులరు జారీ అయింది. నేనే టైపు చేశాను. 'ఇకమీదట తూములు తెరుచుటకు గాని మూయుటకు గాని యాప్ ద్వారా అందిన ఆదేశము మాత్రమే ఆదేశముగా పరిగణింపబడును. నోటిమాటగా గాని, కాగితముపై గాని, తేలుడు వస్తువుల ద్వారా గాని, ఎంతటి అధికారి నుండి అయినను వచ్చిన ఆదేశము చెల్లదు. అట్టి ఆదేశమును పాటించిన వారు సస్పెన్షనుకు అర్హులు.' 'ఎంతటి అధికారి నుండి అయినను' అన్న ముక్క డీఈ గారు తర్వాత తమ చేత్తో చేర్చారు. అది ఉంటే వాక్యానికి బరువు వస్తుందన్నారు.

ఆ మర్నాడు అచ్చాయమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి డీఈ గారి గదికి వెళ్లలేదు. నా బల్ల దగ్గరికొచ్చి, కొంగు ముడి విప్పి, ఒక వరిదుబ్బు బల్లమీద పెట్టింది. ఆకులు సూదుల్లా చుట్టుకుపోయాయి. వేళ్లకు అంటిన మట్టి రాయిలా ఉంది.

"చేను పొట్ట మీదుందండి, కంకి లోపలుంది. ఇంకో వారం చూసి, ఆనక నీళ్లిచ్చినా తాగదు," అంది. "మీకు తెలవదని కాదండి, గుర్నాథం గారూ. మీరు తెలిసినోరు. అందుకే చూపిత్తన్నాను."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే పడటం మా ఉద్యోగంలో అలవాటే. తెలిసినవాడినన్నందుకు నాకు నిజంగా సిగ్గేసింది. ఆ దుబ్బును చెత్తబుట్టలో వెయ్యలేక సొరుగులో పెట్టుకున్నాను.

వారాంతంలో సర్కిల్ ఆఫీసులో సమీక్ష జరిగింది. డీఈ గారికి పై అధికారి ఎస్ఈ గారు అధ్యక్షత వహించారు. గోడమీద తెర దించి, ఊరుకు ఒక స్తంభం చొప్పున ఫిర్యాదుల పట్టిక చూపించారు. పేరంపాలెం స్తంభం తెర పైఅంచు దాటి సీలింగు మీదికి పాకింది. ఉప్పలకోడుది కిటికీ ఎత్తుంది. కర్రివానిదిబ్బకు స్తంభమే లేదు.

ఎస్ఈ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇదేమిటి శాస్త్రిగారూ? శివారు ఊళ్లో ఒక్క ఫిర్యాదూ లేదా?" అన్నారు.

"లేదు సార్," అన్నారు డీఈ గారు. అంతకన్నా నిజం ఆయన ఎన్నడూ చెప్పి ఉండరు.

"శివారు రైతు గొంతెత్తకపోవడం మన శాఖ చరిత్రలోనే మొదటిసారి. ఇది యాప్ విజయం."

నేను లేచాను. దుబ్బు గుర్తొచ్చి లేచానే గాని, ధైర్యం వచ్చి కాదు. "అయ్యా, అక్కడ నెట్‌వర్క్ లేదండి. అందుకే ఫిర్యాదు రాలేదు," అన్నాను.

గదిలో అందరూ నన్ను జాలిగా చూశారు. ఎస్ఈ గారు కోప్పడలేదు. "గుర్నాథం గారూ, నెట్‌వర్క్ ఉన్న ఊళ్ల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. లేని ఊరి నుంచి రావడం లేదు. దీన్నిబట్టి మనం ఏం నేర్చుకోవాలి?" అన్నారు.

నేను నేర్చుకున్నది చెప్పలేదు. సమావేశ వివరాల్లో మాత్రం 'నెట్‌వర్క్ వంటి సౌకర్యాలు లేకున్నను దిబ్బ రైతులు సంతృప్తిగా ఉన్నారని నోడల్ అధికారి హర్షము వెలిబుచ్చిరి' అని రాశారు.

కర్రివానిదిబ్బకు 'ఆదర్శ ఆయకట్టు' పురస్కారం ప్రకటించారు. ఆ కబురు కూడా యాప్‌లోనే ప్రసారం చేశారు. కాబట్టి దిబ్బవాళ్లకు తప్ప అందరికీ తెలిసింది.

పురస్కార సభ దిబ్బలోనే జరగాలన్నారు. ప్రసారం ఎలా పనిచేస్తుందో ఎస్ఈ గారు కళ్లారా చూడాలి. దానికి నెట్‌వర్క్ కావాలి. అందుకని పట్నం నుంచి చక్రాల మీద నడిచే టవరు వ్యాను ఒకటి తెప్పించారు. శామియానా సముద్రం వైపు తిప్పి వేశారు. ఎండిన చేలు పెద్దల వీపుల వెనక్కి వెళ్లాయి. ఆ సలహా డీఈ గారిది. గాలి బాగా వస్తుందని కారణం రాశారు.

పొద్దున్న పదకొండుకు వ్యాను మీది స్తంభం సాగడం మొదలైంది. దిబ్బవాళ్లు నలభై మందీ వచ్చి చేలగట్ల మీద నిలబడ్డారు. స్తంభం చివర ఎర్రదీపం వెలిగింది. అంతే, నలభై ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. మోగుతూనే ఉన్నాయి. మూడు వారాలుగా గాలిలో నిలిచిపోయిన సందేశాలన్నీ ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. గట్ల మీద కొంగలు లేచిపోయాయి.

"చూశారా, ఎంత ఉత్సాహమో!" అన్నారు ఎస్ఈ గారు.

అచ్చాయమ్మ నా దగ్గరికొచ్చి ఫోను ఇచ్చింది. "కళ్లజోడు తేలేదండి. ఏం రాశారో సదివి పెట్టండి."

చదివాను. "ఈరోజు మీ వంతు. ముప్పై నిమిషాల్లో స్పందించండి." ఇది మాఘమాసంది. తర్వాతిది చదివాను. "మీరు స్పందించలేదు కాబట్టి మీకు నీటి అవసరం లేదని భావిస్తున్నాం." తర్వాత పన్నెండు సూచనలు వచ్చాయి. మూడోది చదువుతుంటే ఆవిడ నన్ను ఆపింది.

"కిటికీ దగ్గర నిలబడమన్నారాండి?"

"ఆఁ."

"నాది తాటాకు గుడిసండి. కిటికీ లేదు," అంది. ఒక సందేహం తీరినట్టు తలూపి, మిగతావి కూడా చదవమంది. చివరన పురస్కారానికి అభినందనలు ఉన్నాయి. ఇంకేం లేదని చెప్పి ఫోను ఇచ్చేశాను.

సభలో డీఈ గారు మాట్లాడారు. శివారు రైతు మౌనం పరిణతికి నిదర్శనమన్నారు. ఎస్ఈ గారు శాలువా కప్పడానికి ముందు, "ఏదీ, ఒక ప్రసారం చేసి చూపించండి," అన్నారు.

డీఈ గారు నాకు సైగ చేశారు. వంతు తేదీ కాని రోజున ప్రసారం చెయ్యాలంటే డీఈ గారి ఫోనుకు వచ్చే నాలుగంకెలు కావాలి. ఆయన ఫోను చూసి, అంకెలు మైకులోనే గట్టిగా చదివారు. నా ఫోనులో రెండు మీటలు వచ్చాయి. ఒకటి 'శుభాకాంక్షలు'. రెండోది 'నీటి వంతు'.

నేను రెండోది నొక్కాను. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను తెలిసి చేసిన తప్పు అదొక్కటే. ఎవరడిగినా తప్పేనని ఒప్పుకుంటాను.

నలభై ఫోన్లు మోగాయి. దిబ్బవాళ్లు తెరలు చూసుకున్నారు, నా వైపు చూశారు. నేను తలూపాను. ఇప్పుడు వాళ్లు చేలలోనే ఉన్నారు, నెట్‌వర్కూ ఉంది. నాలుగు నిమిషాల్లో నలభై మందీ నొక్కారు. నా ఫోను ఆ మాట పైకి చదివింది: 'కర్రివానిదిబ్బ స్పందన నూటికి నూరు. తూము తెరువుటకు లస్కరుకు ఆదేశము పంపబడినది.'

చప్పట్లు మోగాయి. "తర్వాత ఏమవుతుంది?" అని అడిగారు ఎస్ఈ గారు.

"లస్కరు తూము ఎత్తుతాడండి. నీళ్లొస్తాయి," అన్నాను.

"అద్భుతం! శాస్త్రిగారూ, మీ సెక్షనే మాకు ఆదర్శం."

డీఈ గారి ముఖం వరిదుబ్బులా చుట్టుకుపోయింది. అయినా చప్పట్లు కొట్టక తప్పలేదు.

మధ్యాహ్నం రెండింటికి టవరు వ్యాను వేరే ఊళ్లో ఇంకేదో సభ ఉందని వెళ్లిపోయింది. అప్పటికే, దిబ్బకు పదకొండు కిలోమీటర్ల అవతల, దావీదు ఆదేశం చూసుకుని తూము ఎత్తేశాడు. ఎత్తి, హ్యాండిల్ ఊడదీసి సైకిలుకు కట్టుకుని, ఎప్పటిలాగే నీటి వెంబడి బయల్దేరాడు.

యాప్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. ఆరు గంటలకోసారి రైతులు మళ్లీ నొక్కకపోతే, తూము మూసెయ్యమని లస్కరుకు ఆదేశం వెళ్తుంది. సాయంత్రం ఆరింటికి వెళ్లింది. నా ఫోనులో దాని పక్కన ఎర్రటి గుర్తు పడింది: 'లస్కరుకు చేరలేదు. నెట్‌వర్క్ లేదు.' అప్పటికి దావీదు దిబ్బ పొలిమేరలో ఉన్నాడు. నీళ్లు అతనికన్నా పది గజాలు ముందున్నాయి.

మర్నాడు పొద్దున్నే డీఈ గారు నన్ను పిలిచారు. "మూయించండి."

"ఆదేశం చేరలేదండి."

"ఎవరినైనా సైకిలు మీద పంపించి చెప్పించండి."

నేను సర్క్యులరు తీసి బల్లమీద పెట్టాను. నోటిమాటగా గాని, కాగితంపై గాని అన్నచోట వేలు పెట్టాను. ఆయన తమ చేతిరాత తామే చదువుకున్నారు. చాలాసేపు చదివారు.

నిశాంత్‌కు ఫోను కలిపారు. "సర్, మా సైడ్ ఇష్యూ లేదు సర్," అన్నాడతను. "యూజర్‌కి ట్రబుల్‌షూటింగ్ గైడ్ బ్రాడ్‌కాస్ట్ చెయ్యండి." దావీదుకు పన్నెండు సూచనలూ పంపాను. ఒక్కటీ చేరలేదు. చేరకపోతే వెంటనే తెలియజెయ్యమన్న పన్నెండో సూచనను కూడా దావీదు పాటించలేదు. అది వేరే క్రమశిక్షణ చర్య కింద నమోదు చేశాం.

ఆ మధ్యాహ్నమే డీఈ గారు జీపులో స్వయంగా దిబ్బకు బయల్దేరారు. నన్నూ ఎక్కించుకున్నారు. చేలలో నీళ్లు మోకాటి లోతున తళతళలాడుతున్నాయి. దావీదు కాలువ దాటే చప్టా మీద కూర్చుని అచ్చాయమ్మ తెచ్చిన గంజి తాగుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి దణ్ణం పెట్టాడు. హ్యాండిల్ సైకిలుకు కట్టి ఉంది.

డీఈ గారు నోరు తెరిచారు. మూశారు. నోటిమాట చెల్లదు. జేబులోంచి ఫోను తీసి చూశారు. సిగ్నల్ గీత ఒక్కటీ లేదు. ఫోను ఆపి మళ్లీ వేశారు. చెయ్యెత్తి పట్టుకున్నారు. గట్టు మీద నాలుగడుగులు అటూ ఇటూ నడిచారు. ఆయన కిటికీ కోసం వెతుకుతున్నారని నాకు అర్థమైంది.

"అయ్యగారండీ," అంది అచ్చాయమ్మ, నిజంగా సాయం చేద్దామనే. "డ్రైను వంతెన మీద వత్తదండి. పడమటి పిట్టగోడకి ఆనుకోవాల."

వంతెన మీదికి వెళ్లాం. డీఈ గారు పిట్టగోడకు ఆనుకుని ఆదేశం పంపారు. ఆయన ఫోనులోంచి వెళ్లింది. దావీదు ఫోనుకు చేరలేదు. దావీదు చేలో ఉన్నాడు.

"వాణ్ణి ఇక్కడికి రమ్మనండి!" అన్నారు.

"ఎలా రమ్మనమంటారండి? నోటితోనా?" అన్నాను.

తిరుగుదారి పట్టాం. మూడోరోజు సాయంత్రం వంతు గడువు దానంతటదే తీరింది. దావీదు హ్యాండిల్ కట్టుకుని తిరిగొచ్చి తూము దించాడు. ఆ తర్వాతే అతని ఫోను మోగింది. అందిన ఆదేశాలన్నీ పాటించానని, అప్పటికే మూసి ఉన్న తూమును మళ్లీ ఒకసారి గట్టిగా బిగించి వచ్చాడు.

అచ్చాయమ్మ రెండున్నర ఎకరాల్లో పర్ర వైపు అర ఎకరం పోయింది. మిగతా రెండెకరాలూ కంకులు ఈనాయి. నా నివేదికలో 'తూము సకాలంలో మూయబడకపోవుటకు కారణము' అన్నచోట 'నెట్‌వర్క్ లేదు' అని రాశాను. పై అధికారులు ఆమోదించారు. ఆ సర్కిల్ మొత్తం మీద అనుమానం లేకుండా ఆమోదం పొందే కారణం అదొక్కటే.

ఆదర్శ ఆయకట్టుకు బహుమతిగా దిబ్బకు శాశ్వత టవరు మంజూరైంది. టవరుంటే తూము మూసే ఆదేశాలు కూడా దావీదుకు చేరతాయని, దిబ్బవాళ్లు మాకొద్దంటూ నలభై వేలిముద్రలతో కాగితం పట్టుకొచ్చారు. కాగితం చెల్లదని, అభ్యంతరం యాప్‌లో పెట్టమని డీఈ గారు తిప్పి పంపారు. వంతెన ఎక్కి పెట్టారు. మీ పొలానికి వెళ్లి మళ్లీ ప్రయత్నించమంది. టవరుకు అభ్యంతరాలు లేవని ఖాయమైంది. పునాది గుంట తవ్వుతున్నారు.

మొన్న దావీదు తూము దగ్గర కనిపించాడు. కొత్త డొక్కలు గట్టు మీద ఎండబెట్టుకుంటున్నాడు. పక్కన చిన్న ముంతలో సున్నం ఉంది.

"టవరొచ్చేత్తందంటగదండీ," అన్నాడు. "మరి వచ్చే దాళ్వాకి నీళ్లెనకాల ఎల్లినప్పుడు, నేనెక్కడ కూకోవాలండి?"

"దిబ్బ చప్టా కింద, నీళ్లు రాని పాత గొట్టంలో కూర్చో," అన్నాను. "తడవవు, గాలి ఆడుతుంది, లోపలికి ఒక్క గీత కూడా రాదు. నిన్న మన తూము దగ్గరున్న అలాంటి గొట్టంలోకే ఫోను పట్టుకుని దూరి చూసొచ్చాను."